పచ్చ ఇంజిన్‌కి మసి ఎక్కడ పడుతుంది: ఈవినింగ్ స్టార్ కిట్ డైరీ

కార్తీకం చివర

పెట్టె విప్పాను. బూడిద రంగు ప్లాస్టిక్ ఫ్రేములు, నీళ్ళలో నానబెట్టి అతికించే గీతలు, అంకెల డెకాల్ కాగితం ఒకటి, మడతలు పెట్టిన సూచనల పటం. కట్టబోయేది బ్రిటిష్ రైల్వేస్ వారి 9ఎఫ్ తరగతి ఆవిరి ఇంజిన్, నంబరు 92220, పేరు ఈవినింగ్ స్టార్. స్కేలు 1:76, అంటే అసలులో 76వ వంతు. అసలు ఇంజిన్, వెనక బొగ్గూ నీళ్ళూ మోసే టెండర్‌తో కలిపి 66 అడుగుల పైమాట. నా బల్ల మీద 26.5 సెంటీమీటర్లు వస్తుంది.

ఈ అచ్చుకి వయసుంది. ఇంగ్లండ్‌లో కిట్‌మాస్టర్ పేరుతో రైలింజిన్ల ప్లాస్టిక్ కిట్లు 1959లో రావడం మొదలైంది. 1962లో ఆ అచ్చుల్ని ఎయిర్‌ఫిక్స్ కొనుక్కుంది. తర్వాత అవి డాపోల్ అనే కంపెనీ చేతికి వచ్చాయి. ఇన్నేళ్ళు వాడిన అచ్చు కాబట్టి ముక్కల అంచుల్లో పల్చటి ప్లాస్టిక్ పొరలు ఉంటాయి, అతుకుల దగ్గర సందులు వస్తాయి. అయినా ఈ కిట్ అంటే నాకు గౌరవం. ఇంజిన్ ఆకారాన్ని గీసినవాళ్ళు దాన్ని దగ్గరగా చూసి గీశారు.

అసలు ఇంజిన్ సంగతి ముందే చెప్పుకోవాలి, రేపు వేసే ప్రతి రంగూ దాన్నిబట్టే ఉంటుంది. బ్రిటిష్ రైల్వేస్ ఇంజినీరు రాబర్ట్ రిడిల్స్ ఆధ్వర్యంలో బరువైన గూడ్స్ బళ్ళ కోసం తయారు చేసిన తరగతి ఇది. 1954 నుంచి 1960 దాకా 251 ఇంజిన్లు కట్టారు. ఒక్కో పక్క అయిదు చొప్పున పది పెద్ద చక్రాలు, ఒక్కోటీ 5 అడుగుల ఎత్తు. బొగ్గు మండే వెడల్పాటి ఫైర్‌బాక్సు ఆ చక్రాల మీదుగా కూర్చోవాలి కాబట్టి బాయిలర్‌ని బాగా పైకెత్తారు. దాంతో బాయిలర్‌కీ ఫ్రేముకీ మధ్య ఖాళీలోంచి అవతలి పక్క వెలుతురు కనిపిస్తుంది. 21 అడుగుల 8 అంగుళాల పొడవున అయిదు ఇరుసులు ఉంటే వంపు తిరగడం కష్టం. అందుకే మధ్య జత చక్రాలకు అంచు లేకుండా చేశారు.

వీటిలో ఆఖరుది ఈవినింగ్ స్టార్. 1960 మార్చిలో స్విండన్ కార్ఖానా నుంచి బయటికొచ్చింది. బ్రిటిష్ రైల్వేస్ కట్టించిన చివరి ఆవిరి ఇంజిన్ కూడా అదే. తరగతిలో మిగతావన్నీ నలుపు. దీనికి మాత్రం ఆకుపచ్చ వేసి, నారింజ గీతలు గీసి, పొగగొట్టానికి రాగి అంచు తొడిగారు. మన చిత్తరంజన్‌లో 1970లో తయారైన చివరి బ్రాడ్‌గేజ్ ఆవిరి ఇంజిన్, డబ్ల్యూజీ తరగతి 10560కి అంతిమ్ సితారా అని పేరు పెట్టారు. పదేళ్ళ తేడాలో అక్కడా ఇక్కడా ఆఖరి ఇంజిన్‌కి చుక్క పేరే పెట్టుకున్నారు. ఈ కిట్ నన్ను ముందు లాగింది అందుకే.

పెట్టె మీద బొమ్మలో ఇంజిన్ కొత్త పెళ్ళికూతురిలా మెరుస్తోంది. నేను చేయాలనుకున్నది అది కాదు. 1962 సెప్టెంబర్ 8న సోమర్సెట్ అండ్ డోర్సెట్ మార్గం మీద చివరి పైన్స్ ఎక్స్‌ప్రెస్‌ని బోర్న్‌మత్ నుంచి బాత్ వైపు లాగింది ఈ ఇంజినే. 50 అడుగుల దూరానికి ఒక అడుగు లేచే మెట్టలున్న దారి అది. ఆరోజున తుడిచి పెట్టిన పచ్చ ఇంజినే, కానీ పనిలో ఉన్న ఇంజిన్. బొగ్గు తిని, నీళ్ళు తాగి, కొండెక్కి దిగింది. దాని మీద మసి ఎక్కడ పడి ఉంటుంది, ఎక్కడ పడదు? నాకు ప్రతి మరకకీ కారణం కావాలి. ఈ డైరీ అంతా ఆ ఒక్క ప్రశ్న కోసమే.

మార్గశిరం, కోతల రోజులు

బాయిలర్ రెండు సగాలుగా వస్తుంది. అతికించాక నడినెత్తిన ఒక గీత మిగులుతుంది. దాన్ని వదిలేస్తే ఎంత రంగు వేసినా బొమ్మ బొమ్మలాగే ఉంటుంది. సన్నటి లప్పం పెట్టి, ఒక రాత్రంతా ఆరనిచ్చి, 600 నంబరు నీటి ఉప్పుకాగితంతో మొదలుపెట్టి 1500 దాకా రుద్దాను. రుద్దేటప్పుడు వేలు నేరుగా ఆనకూడదు, గుండ్రం కాస్తా పలక తేలుతుంది. పాత సైకిల్ ట్యూబు ముక్క మీద కాగితం చుట్టి రుద్దితే బాయిలర్ ఒంపుకి తగ్గట్టు వంగుతుంది.

గీత పోతే దాంతోపాటు బాయిలర్ పట్టీలు కూడా నడినెత్తిన అరిగిపోతాయి. అవి అలంకారం కాదు. బాయిలర్ మీద వేడి పోకుండా ఒక పొర, దాని మీద పల్చటి రేకు తొడుగు ఉంటాయి. ఆ రేకుని బిగించి పట్టుకునేవి ఈ పట్టీలు. మిగిలిన పట్టీల్ని కూడా గీకేసి, అల్యూమినియం టేపుని బ్లేడుతో సన్నగా కోసి అన్నీ కొత్తగా చుట్టాను. అచ్చులో వచ్చినవాటి కంటే పల్చగా వచ్చాయి. పల్చగా ఉండటమే నిజానికి దగ్గర.

చక్రాల దగ్గర ఒక్క మాట. ఎడమ పక్క క్రాంకు పిన్నుకీ (చక్రానికి కడ్డీ తగిలించే పిన్ను) కుడి పక్క పిన్నుకీ మధ్య 90 డిగ్రీల తేడా ఉండాలి. రెండు పక్కలా పిస్టన్ ఒకేసారి చివరికొచ్చి ఆగితే ఇంజిన్ ఎటూ కదల్లేదు. ఒక పక్క ఆగిన చోట రెండో పక్క తోస్తుంది. కదలని బొమ్మే అయినా ఈ తేడా తప్పకుండా పెట్టాలి. రెండు పక్కలా చూసేవాళ్ళకి పిన్నులు రెండూ ఒకే స్థానంలో కనిపిస్తే అది ఆవిరి ఇంజిన్ కాదు.

అదే మాసం, కంసాలి బాబాయి గారి కొట్లో

కిట్‌లో బాయిలర్ పక్కన చేతికడ్డీలు ప్లాస్టిక్‌లోనే పోసి ఉంటాయి, లావుగా. అసలు కడ్డీ మందం అంగుళంపావు అనుకుంటే ఈ స్కేల్లో 0.42 మిల్లీమీటర్లు రావాలి. పాలకొల్లులో నాకు దొరికిన ఇత్తడి తీగ 24 గేజీది, అంటే 0.56. కంటికి తేడా తెలుస్తుంది.

మా వీధిలో నగలు చేసే బాబాయి గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన తీగని చూసి ఏమీ అడగలేదు. కమ్మచ్చు తీసి బల్లకి బిగించారు. తీగ కొసని ఆకురాయితో సూదిలా చెక్కి, ఆ ఉక్కు పలకలో ఒక రంధ్రంలోకి దూర్చి, మైనం రాసి, పట్టకారుతో అవతలి నుంచి ఒకే ఊపులో లాగారు. ఇంకో రంధ్రం, ఇంకో లాగు. మధ్యలో ఒకసారి దీపం మంట మీద ఎర్రబడేదాకా కాల్చి చల్లార్చారు, లాగిన కొద్దీ ఇత్తడి బిరుసెక్కి తెగుతుందని. 25, 26, 27 గేజీ, అంకె పెరిగే కొద్దీ తీగ సన్నం.

"ఇక్కడితో ఆపుతానమ్మా. మళ్ళీ కాల్చను. కాలిస్తే మెత్తబడి వంగుద్ది. నీకు నిలబడాలిగా?" అన్నారు.

"ఆయ్ బాబాయి గారండీ, తిన్నగా నిలబడాలండి."

తీగ రెండు కొసల్నీ రెండు పట్టకార్లతో పట్టుకుని ఒక్కసారి గట్టిగా సాగదీశారు. గీత గీసినట్టు తిన్నగా వచ్చింది. 27 గేజీ అంటే 0.417 మిల్లీమీటర్లు. ఇంతకన్నా దగ్గర అక్కర్లేదు.

కడ్డీని పట్టుకునే చిన్న కళ్ళు మాత్రం నేనే చేసుకున్నాను. మా అమ్మది నరసాపురం, లేసు అల్లడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. కరెంటు వైరులోంచి ఒక్క రాగి పోగు తీసి, లేసు సూది మెడ చుట్టూ ఒక మెలిక వేసి, రెండు కొసలూ కలిపి పురి పెడితే కన్ను తయారు. బాయిలర్ పక్కన మాస్కింగ్ టేపు అంచు వెంట సమానమైన ఎత్తులో గుర్తులు పెట్టుకుని, చేతి డ్రిల్లుతో సన్నటి రంధ్రాలు చేసి, కళ్ళని గుచ్చి, లోపలి నుంచి ఒక్కో చుక్క జిగురు. జిగురు పెట్టడానికి కొబ్బరి ఈనెని మించింది లేదు. కొసని చెక్కితే ఎంత చిన్న చుక్క కావాలంటే అంతే అంటుకుంటుంది. కళ్ళన్నీ గుచ్చాక తీగని ఒక కొస నుంచి దూర్చుకుంటూ వెళ్ళాను. తీగ చివరి కన్ను దాటిన క్షణాన బాయిలర్‌కి పొడవు వచ్చినట్టు అనిపించింది. అంతవరకు అది గొట్టం.

పుష్యం, ముసురు

బంగాళాఖాతంలో అల్పపీడనం. రంగుకి సెలవు.

డెల్టాలో మోడల్ చేసేవాళ్ళకి అసలు శత్రువు తేమ. రంగులోని ద్రావకం ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ నిండా ఉంటే ఆ చల్లదనానికి నీరు పట్టి రంగు పొరలో చిక్కుకుంటుంది. ఆరాక చూస్తే పాలు ఒలికినట్టు తెల్లగా మసకబారి ఉంటుంది. కార్ల రంగు షాపుల్లో దీనికోసం మెల్లగా ఆరే రిటార్డర్ తిన్నర్ అమ్ముతారు. కానీ ఘాటైన తిన్నర్ మన కిట్ ప్లాస్టిక్‌నే కరిగిస్తుంది. అందుకే నేను నీళ్ళతో కలిపే అక్రిలిక్ రంగులకే కట్టుబడ్డాను. తేమలో అవి మెల్లగా ఆరతాయి, అంతే. ఓపిక పడితే సరిపోతుంది. మెరుపు లేని మ్యాట్ వార్నిష్ మాత్రం వాటిలో కూడా ముసురు రోజున మసకబారుతుంది, దానికి ఎండ రోజు కోసం ఆగాల్సిందే.

గదిలో తేమ కొలిచే చిన్న మీటరు పెట్టుకున్నాను. 65 శాతం లోపు ఉంటేనే వార్నిష్. మా ఊళ్ళో అది సంక్రాంతి దాటాక, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి మధ్యలో దొరుకుతుంది.

రెండో సంగతి కంప్రెసర్. తడి గాలిని నొక్కితే నీళ్ళు బయటపడతాయి. ఆ నీటి చుక్క రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ ముక్కులోంచి ఉమ్మినట్టు ఇంజిన్ మీద పడుతుంది. గాలి గొట్టానికి మధ్యలో నీటిని పట్టే ఫిల్టర్ పెడతారు, కానీ కంప్రెసర్ నుంచి వచ్చే గాలి వేడిగా ఉంటుంది, నీళ్ళు ఆవిరిగానే ఫిల్టర్ దాటిపోతాయి. ముందు గాలిని చల్లబరచాలి. పాత ఫ్రిజ్జు రాగి గొట్టాన్ని చుట్టగా చుట్టి కుండ నీళ్ళలో ముంచి, దాని తర్వాత ఫిల్టర్ పెట్టాను. ఇప్పుడు ఫిల్టర్ గిన్నెలో నీళ్ళు చేరుతున్నాయి, బ్రష్‌లోంచి పొడి గాలి వస్తోంది.

మూడోది ఊక బూడిద. సార్వా ధాన్యం మిల్లులకి చేరే రోజులు. బాయిలర్ మిల్లుల్లో ఊక కాలుస్తారు, నల్లటి తేలికపాటి నలుసులు గాల్లో తేలి వచ్చి తడి రంగు మీద వాలతాయి. కిటికీకి తడి చీర కడితే నలుసులు ఆగుతాయి కానీ తేమ పెరుగుతుంది. కాబట్టి కిటికీ మూసి, రంగు వేసిన ముక్కని వెంటనే అట్టపెట్టెలోకి మార్చి, పెట్టెలో 40 వాట్ల పాత బల్బు వెలిగిస్తున్నాను. బల్బు ముక్కకి జానెడు దూరంలో ఉండాలి, ఇంకా దగ్గరైతే ప్లాస్టిక్ మెత్తబడుతుంది.

మిల్లు నుంచి కాస్త ఊక బూడిద అడిగి తెచ్చుకున్నాను. కల్వంలో మెత్తగా నూరి, మల్లుగుడ్డలో వస్త్రకాయితం పట్టి సీసాలో పోశాను. దాని పని తర్వాత ఉంది.

సంక్రాంతి వెళ్ళాక

ఎండ వచ్చింది. బూడిద రంగు ప్రైమర్ వేశాను. ప్రైమర్ పడగానే ప్లాస్టిక్కు, ఇత్తడి, రాగి, లప్పం, అల్యూమినియం అన్నీ ఒకే లోహంలా కలిసిపోయాయి. ఈ దశలో ఇంజిన్‌ని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసుకోవడం నాకు చాలా ఇష్టం. ఆకారం తప్ప ఇంకేం కనపడదు.

తర్వాత బ్రన్స్‌విక్ గ్రీన్. చాలా ముదురు పచ్చ. కానీ చిన్న బొమ్మ మీద అసలు రంగుని యథాతథంగా వేస్తే నల్లగా కనిపిస్తుంది. దూరం నుంచి చూసే వస్తువు రంగు కొంచెం వెలుస్తుంది, మనం మోడల్‌ని చూసేదీ ఆ దూరం నుంచి చూసినట్టే. అందుకని పచ్చలో చిటికెడు పసుపు, చిటికెడు బూడిద రంగు కలిపాను. 15 పీఎస్ఐ ఒత్తిడిలో, పల్చటి పొరలుగా. బాయిలర్ కింద వెలుతురు కనిపించే ఖాళీ ఉంది కదా, అక్కడ బాయిలర్ అడుగు కూడా కనిపిస్తుంది. ముందు ఇంజిన్‌ని తలకిందులుగా పెట్టి అడుగు వేసి, తర్వాతే తిప్పాను.

స్మోక్‌బాక్సు, అంటే బాయిలర్ ముందు పొగ చేరే పెట్టె, నలుపు. శుద్ధ నలుపు వేయను. నలుపులో ముదురు గోధుమ కలిపిన రంగు ఒకటి, నలుపులో బూడిద కలిపింది ఇంకొకటి. మొదటిది చక్రాల మధ్య ఫ్రేముకి, రెండోది స్మోక్‌బాక్సుకీ, డ్రైవర్ నిలబడే క్యాబు కప్పుకీ. స్మోక్‌బాక్సుకి వేడి పట్టే పొర తొడుగు ఉండదు, లోపల వేడి పొగ, కాలే బూడిద. దాని రంగు తొందరగా మాడి నిగారింపు పోతుంది. పచ్చ బాయిలర్‌కి మెరుపు ఉండొచ్చు, స్మోక్‌బాక్సుకి ఉండకూడదు.

నారింజ, నలుపు, నారింజ గీతలు డెకాల్‌గా వస్తాయి. వెంట్రుక మందం. అడుగున గ్లాస్ వార్నిష్ (మెరిసే వార్నిష్) లేకపోతే డెకాల్ కింద గాలి చేరి వెండిలా తళుక్కుమంటుంది, అందుకే ముందు గ్లాస్ వేసి ఆరబెట్టాను. బాయిలర్ పట్టీ చుట్టూ డెకాల్ చుట్టేటప్పుడు ముందు నడినెత్తిన ఆనించి, రెండు పక్కలకీ తడి బ్రష్‌తో కిందికి దువ్వాలి. నీళ్ళలో రెండు చుక్కల వెనిగర్ కలిపితే డెకాల్ మెత్తబడి పట్టీ అంచు మీద కూర్చుంటుంది. ఈ పని ఉదయం మాత్రమే చేశాను, సాయంత్రం కళ్ళు అలసిపోతాయి.

పొగగొట్టం అంచుకి రాగి రంగు. పక్క రేకుల మీద పేరు పలకలు. ఆ రెండు రేకులు పొగని పైకి ఎగరగొట్టడానికి పెట్టినవి, డ్రైవర్ కళ్ళకి దారి కనిపించాలని.

మాఘం, తాతగారు వచ్చారు

మా వీధి చివర ఉండే తాతగారు బెజవాడ షెడ్డులో ఫైర్‌మన్‌గా చేరి డ్రైవర్‌గా రిటైరయ్యారు. డబ్ల్యూజీ గూడ్స్ ఇంజిన్ల మీద పని చేశారు. ఇంజిన్‌ని బల్ల మీద పెట్టి చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. ముందు చక్రాలు లెక్కపెట్టారు.

"పదా? మా డబ్ల్యూజీకి ఎనిమిదే. బాగుందమ్మాయ్. ఇప్పుడు దీని మీద మసి పూత్తావా?"

"పూయాలండీ తాతగారూ. ఎక్కడ పూయాలో మీరు చెప్తే అక్కడే పూస్తానండి."

ఆయన వేలు పెట్టి ఒక్కో చోటా చూపించారు. మసి పైన ఉంటుంది, పొగగొట్టం వెనక బాయిలర్ నడినెత్తిన, క్యాబు కప్పు మీద, టెండర్ ముందు భాగాన. పొగ వెనక్కి పడుకుంటుంది కాబట్టి పొగగొట్టం ముందు అంత ఉండదు. పక్కల మీద మసి కాదు, నీళ్ళూ సున్నమూ. ఇంజెక్టర్ బాయిలర్‌లోకి నీళ్ళు ఎక్కించేటప్పుడు మొదట్లో కాస్త నీరు బయటికి కారుతుంది. క్యాబు కింద ఆ గొట్టం చివర ఎప్పుడూ తడి, తడి ఆరిన చోట తెల్ల చారలు. బాయిలర్ కడగడానికి ఫైర్‌బాక్సు పక్కన ప్లగ్గులుంటాయి, వాటి కింద కూడా అంతే. సేఫ్టీ వాల్వు పక్కన అంతే.

"బాయిలర్‌లో నీళ్ళు ఎక్కువైనా, నీళ్ళు బాగోకపోయినా పొంగుద్ది. పొంగితే నీళ్ళు పొగగొట్టంలోంచి పైకి చిమ్ముతాయి. తెల్లారి చూస్తే స్మోక్‌బాక్సు మీద తెల్లగా చారలు. అది చూసి షెడ్డులో మనల్ని అడుగుతారు, ఏవయ్యా రాత్రి పొంగించావా అని."

ఈ మాట నాకు చాలా విలువైనది. మరక చూసి రాత్రి ఏం జరిగిందో చెప్పగలిగేవాళ్ళు ఒకప్పుడు ఉండేవాళ్ళు. మనం వేసే మరక వాళ్ళు చదివితే అబద్ధం కాకూడదు. ఈవినింగ్ స్టార్ 1962లో బాగా చూసుకున్న ఇంజిన్, కాబట్టి స్మోక్‌బాక్సు మీద పొంగిన చారలు వేయకూడదని అప్పుడే నిశ్చయించుకున్నాను.

కిందికొస్తే నూనె. ఇరుసు పెట్టెల దగ్గర, కడ్డీల కీళ్ళ దగ్గర నూనె కారి, దాని మీద దుమ్ము అంటి, నల్లగా జిడ్డుగా ఉంటుంది. చక్రాల ముందు ఇసుక గొట్టాలుంటాయి, చక్రం జారితే పట్టాల మీద ఇసుక చల్లడానికి. ఆ చుట్టుపక్కల మాత్రం లేత బూడిద రంగు పొడి. బ్రేకు దిమ్మల దగ్గర ఇనుప రజను, తుప్పు రంగు.

"మరి తుడుస్తారు కదండీ?" అన్నాను.

"తుడవరా మరి! నూనె గుడ్డ పెట్టి చెయ్యి అందినంత మేర తుడుస్తారు. అందని చోట వదిలేత్తారు. చెయ్యి ఎంత దూరం అందుద్దో అక్కడిదాకా మెరుపు, ఆ పైన మసి. నువ్వు ఆ గీత పెట్టు, చూసినోడికి ఇంజిన్ నిజంగా షెడ్డులోంచి వచ్చిందనిపించుద్ది."

సింగరేణి బొగ్గులో బూడిద ఎక్కువని, దారిలో నిప్పు కెలికి బూడిద దులపడమే సగం పని అని చెబుతూ కూర్చున్నారు. గోదావరి పాత వంతెన మీద ఇంజిన్ నడిపిన కబుర్లు ఇంకోరోజు చెబుతానన్నారు. కాఫీ తాగి వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "కడ్డీలకి వెండి రంగు పూయకు. వెండి కాదు అది. నూనె పట్టిన ఉక్కు," అన్నారు.

మాఘం, మసి

ఆయన చెప్పిందంతా కాగితం మీద ఇంజిన్ బొమ్మ గీసి గుర్తులు పెట్టుకున్నాను. ఒక్క సంగతి మాత్రం మార్చాలి. ఆయన చూసిన ఇంజిన్ల మీద మన దుమ్ము, మన బొగ్గు. ఇంగ్లండ్‌లో సోమర్సెట్ కొండల మీద ఎర్రమట్టి ధూళి తక్కువ, వాన ఎక్కువ. అందుకని ఫ్రేము దుమ్ముకి ఎరుపు తీసేసి బూడిద కలిసిన గోధుమ రంగు ఎంచుకున్నాను. మరక పడే చోటు ఎక్కడైనా ఒకటే, ఎందుకంటే యంత్రం పనిచేసే తీరు ఒకటే. మరక రంగు మాత్రం ఊరిని బట్టి మారుతుంది.

ముందుగా సెమీ మ్యాట్ వార్నిష్. మీటరు 58 చూపించిన మధ్యాహ్నం వేశాను, మసక రాలేదు.

సున్నపు చార వేసే పద్ధతి చెబుతాను, నాకు దీని మీద శ్రద్ధ ఎక్కువ. తెల్ల రంగు వాడకూడదు. తెలుపులో చుక్క గోధుమ, చుక్క బూడిద కలిపిన ఆయిల్ రంగుని కొబ్బరి ఈనె కొసతో ప్లగ్గు కింద ఆవగింజంత పెట్టాలి. పది నిమిషాలు ఆగి, తిన్నర్‌లో ముంచి గుడ్డకి ఒత్తేసిన, దాదాపు పొడిగా ఉన్న చదును బ్రష్‌తో పై నుంచి కిందికి ఒక్కసారి లాగాలి. మళ్ళీ బ్రష్ తుడుచుకుని మళ్ళీ లాగాలి. లాగిన కొద్దీ చార కిందికి వెళ్తూ కరిగిపోతుంది. పైన చిక్కగా, కింద కనిపించీ కనిపించకుండా. ఫైర్‌బాక్సు కుడి పక్కన రెండు ప్లగ్గుల కిందే వేశాను. అన్నిటి కిందా వేస్తే అలసత్వం చేసిన ఇంజిన్ అవుతుంది.

చెయ్యి అందే గీత ఇంకా సూక్ష్మం. బాయిలర్ పక్కన నడిచే పలక మీద నిలబడిన మనిషి 1:76లో రెండు సెంటీమీటర్ల పైచిలుకు ఎత్తు. అట్టముక్కతో ఆ ఎత్తు మనిషిని కోసి పక్కన నిలబెట్టి, చెయ్యి చాపితే ఎక్కడిదాకా వస్తుందో చూసుకున్నాను. చేతికడ్డీ కంటే కాస్త పైకి. ఆ కింద పచ్చ మీద శాటిన్ వార్నిష్ పల్చగా, గుడ్డ తిరిగిన దిశలో. ఆ పైన పల్చటి మసి పొర, ఎయిర్‌బ్రష్‌తో, పొగగొట్టం నుంచి వెనక్కి పోయే కొద్దీ కొంచెం కొంచెంగా. రెంటికీ మధ్య గట్టి అంచు లేదు. వెలుగుకి తిప్పితేనే తెలుస్తుంది.

స్మోక్‌బాక్సు తలుపు కింది అంచున, ముందు పలక మీద ఊక బూడిద చల్లాను. షెడ్డులో తలుపు తెరిచి బూడిద ఎత్తేటప్పుడు కొంత అక్కడే పడుతుంది. మా ఊరి వడ్ల బూడిదకి ఆ బొగ్గు బూడిద రంగు సరిగ్గా సరిపోయింది.

కడ్డీలకి ముదురు ఉక్కు రంగు వేసి, ఆరాక పైన పల్చటి గోధుమ ఆయిల్ పూత. కీళ్ళ దగ్గర ఒక్కో చుక్క గ్లాస్. తాతగారు అన్నట్టే నూనె పట్టిన ఉక్కు.

శివరాత్రికి ముందు

టెండర్‌లో బొగ్గు. ప్లాస్టిక్ బొగ్గు కుప్ప తీసేసి అసలు రాక్షసి బొగ్గే వేశాను. గోదావరి లంకల వైపు ఇటుక బట్టీ నుంచి ఒక పెడ్డ తెచ్చి, గుడ్డలో చుట్టి సుత్తితో కొట్టి, టీ జల్లెడతో జల్లించాను. పెద్దవి వెనక, నలిగినవి ముందు. ఫైర్‌మన్ పార పెట్టేది ముందు నుంచే కాబట్టి అక్కడ బొగ్గు తగ్గి చెదిరి ఉంటుంది. నీళ్ళలో కలిపిన ఫెవికాల్‌ని చుక్కలు చుక్కలుగా వేస్తే ఆరాక కనపడదు.

ఈవినింగ్ స్టార్ పూర్తయింది. తాతగారు చూశారు. కుడి పక్కన రెండు చారల దగ్గర ఆగి, "ప్లగ్గు బిగించాలి దీనికి," అన్నారు.

తర్వాతిది డబ్ల్యూజీ. ఇక్కడ ఒక లెక్క ఉంది. ఈ స్కేలు కిట్ల కింద పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. ఇంగ్లండ్ పట్టాలు 1435 మిల్లీమీటర్లు, 1:76లో నిజానికి 18.88 రావాలి. అంటే ఈవినింగ్ స్టార్ కూడా ఇరుకు పట్టాల మీదే నిలబడి ఉంది. మన బ్రాడ్‌గేజ్ 1676, దానికి 22 మిల్లీమీటర్లు కావాలి. మన ఇంజిన్‌ని 16.5 మీద నిలబెడితే ఒళ్ళు పెద్దదై కాళ్ళు దగ్గరపడతాయి, చూడలేం. కాబట్టి ఇరుసులు కొత్తగా చేయించాలి, బాబాయి గారితో ముందే మాట్లాడాను.

నిలబెట్టే చోటు గోదావరి పాత వంతెన, హేవ్‌లాక్ వంతెన. 1900లో మొదలై 1997 దాకా బళ్ళు నడిచిన వంతెన, 56 ఖానాలు, ఒక్కోటీ 45.7 మీటర్లు. ఖానాల మధ్య స్తంభాలూ కలుపుకుని మొత్తం కడితే ఈ స్కేల్లో 36 మీటర్లు, మా ఇల్లు దాటిపోతుంది. ఒక్క ఖానా అయితే 60 సెంటీమీటర్లు, అల్మారాలో పడుతుంది.

చక్రాల సంగతి మాత్రం తేలింది. డబ్ల్యూజీ పెద్ద చక్రం 5 అడుగుల ఒకటిన్నర అంగుళం, అంటే 20.5 మిల్లీమీటర్లు. 9ఎఫ్ కిట్‌లో వచ్చేది 20. అర మిల్లీమీటరు తేడాని చక్రం చుట్టూ ఇత్తడి రేకు పట్టీ తొడిగి పూడ్చవచ్చు. రెండో 9ఎఫ్ కిట్ తెప్పించాను. నాలుగు ఇరుసులకి ఎనిమిది చక్రాలు చాలు. తాతగారి దగ్గర షెడ్డులో తీసిన పాత ఫోటో ఒకటుందట, రేపు తెస్తానన్నారు. చక్రానికి ఆకులెన్నో, బరువు దిమ్మ ఎంత మేర ఉందో దాంట్లో చూసి లెక్కపెట్టాక రంపం పడతాను.